తాళి కట్టే క్షణం తిరిగి రాదు

పల్లెల్లో పెళ్లి ముహూర్తాలు తరచు రాత్రి పొద్దుపోయాకే ఉంటాయి. పందిట్లో వెలుతురు అంతంతమాత్రం. ఆ సమయంలో లెన్సు ఫోకస్ కోసం తడుముకుంటే అంతే సంగతులు. ఫోటో రాలేదని వరుణ్ణి మళ్లీ తాళి కట్టమని ఎవరడగగలరు?

అలాగని మిర్రర్‌లెస్ కెమెరాకు ఎఫ్ 1.2 ప్రైమ్ లెన్సే కావాలని అప్పుల పాలుకావడం తెలివి కాదు. కానన్ ఆర్.ఎఫ్. 85 ఎం.ఎం. ఎఫ్ 1.2 లెన్సు బరువు 1195 గ్రాములు. సోనీ 85 ఎం.ఎం. ఎఫ్ 1.8 బరువు 371 గ్రాములే. బరువైన అద్దాలను కదపాలంటే మోటారుకు శ్రమ ఎక్కువ. పైగా 1.2 వద్ద వధువు ముఖం స్పష్టంగా వస్తే, కాస్త వెనకున్న వరుడు మసకబారతాడు. ఎఫ్ 2.8 జూమ్ లెన్సు కంటే ఎఫ్ 1.8 లెన్సు రెట్టింపుకు పైగా వెలుతురు రానిస్తుంది. పందిరికి అది చాలు.

మంటపమంతా రావడానికి 35 ఎం.ఎం., ముఖాలకు 85 ఎం.ఎం. ఉంటే పని జరుగుతుంది. అయితే ఎఫ్ నంబరొక్కటే చూసి కొనరాదు. లోపలి మోటారు ఏ రకమో అడగాలి. లీనియర్ మోటారున్నవి చప్పుడు లేకుండా చురుగ్గా పనిచేస్తాయి. ముందు అద్దెకు తెచ్చి, ఒక రాత్రి పెళ్లిలో పరీక్షించి కొనడం మేలు.

పెళ్లివారికీ బాధ్యత ఉంది. మంటపంపై మరో రెండు దీపాలు వెలిగించాలి. సెల్‌ఫోన్లు పట్టుకుని అడ్డం నిలిచే బంధువులను పక్కకు తప్పించాలి. ఎంత ఖరీదైన లెన్సయినా వీపుల వెనకనుంచి తాళిని చూడలేదు కదా!