బొట్టు చెప్పే కబురు

మెల్‌బోర్న్‌లో మా పక్కింటి పెద్దాయన దగ్గర 1963 నాటి హోల్డెన్ ఈహెచ్ ఉంది. వాళ్ళ నాన్నగారు కొన్న కారు. వాటర్ పంపు కారుతోందంటే సాయానికి వెళ్ళాను, వెనకే మా అబ్బాయి.

పంపు అడుగున సన్నటి రంధ్రం. బొట్లు పడేది అక్కణ్ణించే. "ఎమ్‌సీల్ పెట్టి మూసేద్దాం నాన్నా" అన్నాడు వాడు.

మూయకూడదు. అది కావాలని పెట్టిన రంధ్రం. లోపలి సీలు అరిగితే కూలంట్ బేరింగులోకి పోకుండా బయటికొచ్చే దారి అది. మూస్తే కారడం కనబడదు, బేరింగు మాత్రం పాడవుతుంది. పంపు పట్టేసిందా, ఇంజను వేడెక్కి సిలిండర్ హెడ్డే వంగిపోవచ్చు.

ఇంజను చల్లారాక కూలంట్ బేసిన్లోకి దింపాం. అది తియ్యగా ఉండే విషం, కుక్కలు నాకితే ప్రాణం మీదికొస్తుంది. బెల్టు, ఫ్యాను విప్పి పంపు ఊడదీశాం. పాత గాస్కెట్ ముక్కలు గీకేసి, కొత్త గాస్కెట్‌తో కొత్త పంపు బిగించాం.

పాతదాన్ని పెద్దాయన పారెయ్యలేదు. సీలు, బేరింగు మార్పించి దాచుకుంటారట. ఆస్ట్రేలియాలో హోల్డెన్ కార్ల తయారీ 2017 అక్టోబరు 20న ఆగిపోయింది. ఉన్నవాటిని కాపాడుకోవాల్సిందే మరి.