ఇంటిపేరు ముందు

మా గుడి వాట్సాప్ గ్రూపులు నా ఫోన్‌లో పద్నాలుగు ఉన్నాయి. "టెంపుల్ ఫ్యామిలీ", "టెంపుల్ ఫ్యామిలీ న్యూ", "కిచెన్ ఫ్రెండ్స్", "సేవా 2", ఇలా. పోయిన నెల ఒక పెద్దావిడ (మేమంతా పిన్నిగారు అంటాం) కంటి ఆపరేషన్ అయ్యాక ఇంటికి ఎవరైనా తీసుకెళ్ళండి అని "సేవా 2"లో అడిగారు. అది పార్కింగ్ చూసేవాళ్ళ గ్రూపు. కారులో తీసుకెళ్ళేవాళ్ళు "హెల్పింగ్ హ్యాండ్స్"లో ఉన్నారు. పాపం, ఆవిడ రెండు గంటలు ఎదురుచూశారు. "సేవా 2" అని పేరు పెట్టింది నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ చిక్కు కొత్తది కాదు. 1980లో అమెరికాలో యూజ్‌నెట్ అనే చర్చా గ్రూపులు మొదలయ్యాయి. మొదట్లో చాలా పేర్లు "నెట్" అనే మాటతో ఉండేవి. గ్రూపులు పెరిగాక ఏది ఎక్కడుందో తెలియలేదు. 1986, 87లో వాటిని ఏడు పెద్ద విభాగాల కింద సర్దారు. కంప్యూటర్లకు "కాంప్", సైన్సుకు "సై", సమాజానికి, సంస్కృతికి "సోక్". ఆ సర్దుబాటు నచ్చనివాళ్ళు "ఆల్ట్" అని వేరు కుంపటి పెట్టుకున్నారు!

తర్వాత మనవాళ్ళ గ్రూపు కూడా వచ్చింది: సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు. ఒకసారి చదివి చూడండి. పెద్దది ముందు, చిన్నది చివర. మన పేర్లూ అంతే కదా! ఇంటిపేరు ముందు, మన పేరు తర్వాత. అమెరికా వచ్చాక నేను ఇంటిపేరు వెనక్కి పంపాను గానీ, గ్రూపులకు మాత్రం పాత పద్ధతే మంచిది.

అయితే ఒక జాగ్రత్త. తమిళుల గ్రూపు సోక్.కల్చర్.తమిళ్. మధ్యలో "ఇండియన్" లేదు. తమిళం శ్రీలంకలో కూడా ఉంది మరి. మారిషస్‌లో, మలేషియాలో తరతరాలుగా ఉన్న తెలుగువాళ్ళ సంగతి ఏమిటి? వాళ్ళు "ఇండియన్" కింద వెతుక్కోవాలా? ఏది ఎవరి కింద అని రాసేటప్పుడు ఎవరు మనవాళ్ళో కూడా రాసేస్తున్నాం. మేం కాలేజీ పిల్లల్ని "టెంపుల్ కిడ్స్"లో ఉంచాం. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

అందుకే యూజ్‌నెట్‌లో ఒకప్పుడు ఆ విభాగాల్లో కొత్త గ్రూపు కావాలంటే ముందు పేరు మీద చర్చ, తర్వాత ఓటు జరిగేవి. కావాలనేవాళ్ళు వద్దనేవాళ్ళకంటే కనీసం 100 మంది ఎక్కువ ఉండాల్సి వచ్చేది, మొత్తం ఓట్లలో మూడింట రెండు వంతులు కూడా రావాల్సి ఉండేది. మాకు అంత అక్కర్లేదు. ఆదివారం ప్రసాదం దగ్గర పది నిమిషాలు మాట్లాడుకుంటే చాలు.

2022లో వాట్సాప్‌లో "కమ్యూనిటీ" వచ్చింది, అందులో పెడితే సరిపోతుంది అంటారు కొందరు. డబ్బా మీద పేరు లేకపోతే అన్నీ ఒకే అలమరలో పెట్టి ఏం లాభం?

నా సలహా ఇది: గుడి-సేవ-వంట, గుడి-సేవ-పార్కింగ్, గుడి-సేవ-ప్రయాణం. మూడు మెట్లు చాలు, నాలుగోది వద్దు. "గుడి-సేవ" అని వెతికితే అన్నీ ఒకచోట కనబడతాయి. కాలేజీ పిల్లల పేరు వాళ్ళనే పెట్టమందాం.

ఈ జాబితా ముందు పిన్నిగారికి చూపిస్తాను. ఎవరినీ అడగకుండా ఆవిడకు కారు గ్రూపు దొరికితే, అప్పుడు పేర్లు కుదిరినట్టు.