వియ్యాలవారి నడుమ యంత్రము

కయ్యమునకైనను వియ్యమునకైనను సమఉజ్జీ కావలెనని మన పెద్దలు చెప్పిరి. ఆ మాట చెప్పిన నాడు వారు ఆస్తిని, అంతస్తును తలచిరే గాని భాషను తలపలేదు. నంద్యాల పిల్ల ప్రొద్దుటూరి కోడలైనచో భాష మారునా? నేడు కర్నూలు, కడప జిల్లాల యువకులు చదువులకును కొలువులకును సింగపూరు, మలేషియా, అమెరికా, చీనా దేశములకు పోవుచున్నారు. అక్కడ చీనా భాష మాటలాడు కుటుంబములతో వియ్యమందుట మన కాలమునకు వింత కాదు. అట్టి వియ్యములో ఇరువైపుల తల్లిదండ్రుల నడుమ కూర్చుండు దుబాసి, సెల్‌ఫోనులోని అనువాద యంత్రమే.

ఆ యంత్రమును నిందించుట నా ఉద్దేశము కాదు. గూగుల్ సంస్థ దానిని 2006లో వెలువరించినది. 2011లో తెలుగు అందులో చేరినది. రైలు వేళ, మందు మోతాదు, కూరలో కారమెంత అను విషయములను అది ఇటువారి నుండి అటువారికి చక్కగా అందించును. అది లేనిచో వియ్యపురాండ్రు ఒకరి మొగము ఒకరు చూచి నవ్వుకొనుటతోనే ప్రొద్దు గడపవలసి వచ్చును. అంతవరకు అది ఉపకారియే.

చిక్కు వరుసల దగ్గర వచ్చును. తెలుగు నుండి చీనా భాషకు సూటిగా జరిగిన అనువాదములు మిక్కిలి తక్కువ. అందుచేత అనువాద సాధనములు చిరకాలము ఇంగ్లీషునే నడిమి మజిలీగా చేసికొని నడచినవి. ఆ మజిలీలో సామాను పోవుచుండును. మనకు పెదనాన్న వేరు, చిన్నాన్న వేరు, మేనమామ వేరు. ఇంగ్లీషులో ముగ్గురును ‘అంకుల్’ అను ఒక్క మాటలో ఇమిడిపోవుదురు. చీనా భాషలోనో, మరల ముగ్గురికి మూడు పేర్లు: బోబో, షూషూ, జ్యూజ్యూ. అన్నకును తమ్మునికిని, అక్కకును చెల్లెలికిని మనవలెనే వారికిని వేరువేరు మాటలు కలవు. మనము ‘నీవు’, ‘మీరు’ అని భేదము పాటించినట్లే, వారు చనవున్నచోట ‘నీ’ అనియు, గౌరవింపవలసినచోట ‘నిన్’ అనియు అందురు. ఇంగ్లీషు ‘యూ’లో ఆ భేదము లేదు. ఇరు ఇండ్లలోను నిండుగా ఉన్న సొమ్ము నడిమి దారిలో మాయమగుచున్నదన్నమాట.

ఇంతకన్న లోతైన పోలిక మరియొకటి కలదు. మనము తల్లి సోదరుని మామ అందుము. పెండ్లియైన పిమ్మట భర్త తండ్రినిగాని, భార్య తండ్రినిగాని మామయే అందుము. అట్లే మేనత్తయు అత్తయే, భర్త తల్లియు అత్తయే. మేనరికము దీనికి మూలమని వేరుగా చెప్పనక్కరలేదు. చీనావారి ప్రాచీన నిఘంటువగు ‘ఎర్‌యా’లో వరుసలను గూర్చి ఒక ప్రకరణమే ఉన్నది. అందు ‘జ్యూ’ అనగా మేనమామ. కోడలికి భర్త తండ్రియు ‘జ్యూ’యే. ‘గూ’ అనగా మేనత్త. భర్త తల్లియు ‘గూ’యే. ఒకప్పుడు ఆ దేశమునను మేనరికము ఉండెనని దీనినిబట్టి ఊహించిన పండితులు కలరు. ఈ మాట విన్న కడప జిల్లా ముసలమ్మకు చీనా వియ్యపురాలు పరాయిదిగా తోచునా?

యంత్రమునకు ఇంకొక లోపము కలదు. అది నేర్చిన తెలుగు అచ్చులో దొరకిన తెలుగు. మన సీమ పలుకుబడి అచ్చున పడినది స్వల్పము. మన పల్లెలలో ‘జేజి’ అనగా నాయనమ్మ; కోస్తా పసివాండ్రకు ‘జేజి’ అనగా దేవుడు. ‘జేజికి ఒంట్లో బాగా లేదు’ అని మనవడు పలికినచో, యంత్రము ఏమని ఎరుక చేయునో ఊహింపుడు.

అయితే తప్పంతయు యంత్రముపై నెట్టుట న్యాయమా? మన పట్టణములలోని పిల్లలు పెదనాన్నను, మేనమామను, ఎదురింటి ఆసామిని అందరిని ‘అంకుల్’ అనుచున్నారు; పిన్నమ్మయు మేనత్తయు ‘ఆంటీ’లైరి. యంత్రము మధ్యదారిలో పోగొట్టు సొమ్మును మనము గడప లోపలనే పారవైచుచున్నాము. పలుకనివాని నోట లేని మాటను ఏ యంత్రము మాత్రము దాటింపగలదు?

అనువాద సాధనమును నిర్మించుట ఎట్టి పనియో కడపవారికి తెలియనిది కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగియై వచ్చి తెలుగు నేర్చెను. తన బంగళాలో పండితులకు జీతములిచ్చి, తాళపత్రములు వ్రాయించి, పాఠములు సరిచూపించెను. 1852లో ఆయన తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. కచేరీలలో, బజారులలో వాడుకయందున్న హిందూస్తానీ మొదలగు అన్యదేశ్యములను విడువక, 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను. ఆయన నివసించిన చోటనే నేడు బ్రౌన్ పేర భాషా పరిశోధన కేంద్రము నిలిచియున్నది. ఆ సాధనము మనుష్యులతో కూర్చుండి మాటలాడుటవలన పుట్టినది; మాటలాడుటకు బదులుగా పుట్టినది కాదు.

చీనా పక్షమునను ఒక గురువు కలడు. ఏడవ శతాబ్దిలో మన ధాన్యకటకమునకు వచ్చిన హ్యూయన్ త్సాంగ్ స్వదేశమునకు మరలి బౌద్ధ గ్రంథములను పెక్కింటిని చీనా భాషలోనికి మార్చెను. ఐదు విధములైన పదములను అనువదింపక, ధ్వనితోనే ఉంచవలెనని ఆయన నియమించెనని అచ్చటి సంప్రదాయము చెప్పును. వరుసలకును ఆ నియమమే తగును. చీనా కోడలు ‘అత్తమ్మా’ అని నోరార పిలువవలెను. మన అల్లుడు వారి పిలుపును వారి పలుకుబడితోనే నేర్వవలెను. పది మాటలు నేర్చుటకు పది దినములు చాలును. తక్కిన సంభాషణకు యంత్రము ఉండనే ఉన్నది.

అయ్యవార్లకు నా మనవి ఇది. ఏటికొక తెలుగు పాఠపు గంటను వరుసలకు కేటాయింపుడు. ప్రతి విద్యార్థియు తన అవ్వను, జేజిని అడిగి, ఇంట ఎవరిని ఏమని పిలుతురో వ్రాసికొని రావలెను. కర్నూలు బడులలో ప్రక్క బల్లమీద ఉర్దూ మాటలాడు బాలుడుండును. చాచా, మామూ, ఫూఫీ, ఖాలా అని వాడు చెప్పు మాటలను తన వరుసల ప్రక్కన చేర్చుకొన్నచో, ఇరుగింటి సంపద ఎంతటిదో ఇద్దరికిని తెలియును. విద్యార్థులారా, యంత్రము నేడు కాకున్న రేపు సూటిగా తెలుగు నుండి చీనాకు నడచును. ఆనాడది మీ నోటినుండియే నేర్వవలెను. మీ నోట మేనమామ మిగిలియున్ననే దాని నోటను మిగులును.