బొమ్మల అంగడిలో లోకసృష్టి

తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను. బాపట్లలో చదువుతూ ఇంటికి పోతున్న ఒక కుర్రవాడు ఎదుట కూర్చున్నాడు. తెనాలి శిల్పులు పాత ఇనుముతో చేసే విగ్రహాల మీదుగా మా మాట "ట్రాన్స్‌ఫార్మర్స్" బొమ్మల కథల మీదికి మళ్ళింది.

"కథనంలో లోపాలుంటే ఉన్నాయి, మాస్టారూ! సైబర్‌ట్రాన్ గ్రహం చూడండి, గ్రహమంతా యంత్రమే. అంత లోకాన్ని సృష్టించినవాణ్ణి ఆ మాత్రం మన్నించలేమా?" అన్నాడు.

ఈ వాదం అతనొక్కడిదే కాదు. అందుకే రాస్తున్నాను.

ముందు అతని పక్షాన చెప్పవలసింది చెబుతాను. 1984 నుంచి 1991 దాకా మార్వెల్ వారు 80 సంచికలు నడిపిన ఈ కథల్లో లోకం బలమైనదే. 1986లో బాబ్ బుడియాన్‌స్కీ రాసిన 17వ సంచిక చదవండి. సైబర్‌ట్రాన్ నిరంకుశుల చేతిలో ఉంది. ఇంధనం లేని యంత్రాలు వీధుల్లో దేవులాడుతుంటాయి. ఎదురుతిరిగినవాళ్ళను కరిగించడానికొక మడుగు ఉంది. తోటివాళ్ళు లెక్కచెయ్యని స్క్రౌంజ్ అనే చిన్న వేగు, తాను తెలుసుకున్న రహస్యం మనవాళ్ళకు అందించి, ఆ మడుగులోనే కరిగిపోతాడు. "రోబో" అనే మాట వెట్టిచాకిరీకి చెక్ భాషలో ఉన్న మాటలోంచి పుట్టింది. కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం దాన్ని ప్రపంచానికిచ్చింది. ఈ సంచికలో ఆ మాటకు అర్థం దక్కింది.

మరి ఆ రచయితే 24వ సంచికలో చేసిందేమిటి? యుగాల తరబడి సాగుతున్న యుద్ధంలో ఒక పక్షానికి నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్. అతను వీడియోగేమ్ మీద ప్రాణం పందెం కాస్తాడు. గెలిచి కూడా, ఆటలోని కల్పిత జీవులు తనవల్ల నాశనమయ్యారు గనక ఓడినట్టేనని, తనను పేల్చెయ్యమంటాడు! పేల్చేస్తారు. ఇందులో గొప్ప నీతి ఉందనేవారు కూడా ఉన్నారు. ఉంటే ఉండనివ్వండి. అతని మనసు మాత్రం ఒక ఫ్లాపీలో మిగిలి, 1988లో కొత్త ఒంటితో తిరిగివస్తుంది. ఆ కొత్త ఒళ్ళు ఆ ఏడు అంగట్లోకి దిగిన కొత్త బొమ్మ!

ఈ కథలు పుట్టిందే హాస్‌బ్రో బొమ్మలు అమ్ముడుపోవడానికి. కొట్టులోకి కొత్త సరుకు దిగితే కథలోకి కొత్త పాత్ర రావాలి, పాతది తప్పుకోవాలి. రచయితకు రాయడం చేతకాక కాదు. 17వ సంచికే సాక్ష్యం. చేతనైనవాడి చెయ్యి వ్యాపారి పట్టుకుని రాయించాడు.

స్క్రౌంజ్ చావు మనల్ని ఎందుకు కదిలించింది? ఆ లోకంలో చావు చావే గనక. నాయకుడు ఫ్లాపీలోంచి లేచివచ్చిన రోజున ఆ నియమం పోయింది. ఆ చిన్నవాడి చావు కూడా చవకబారిపోయింది. అటువంటప్పుడు లోకానికొక పద్దు, కథకొక పద్దు రాసి, ఇందులో లాభం అందులో నష్టానికి చెల్లనడం ఏం లెక్క? కథ తప్పినచోట కూలింది లోకమే.

తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980 దాకా చూసిన "చందమామ"లో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు కూడా నెలనెలా కొత్త లోయలూ దుర్గాలూ కట్టాయి. వాటిలో రాజుల బెడద తక్కువేమీ కాదు. ఆ తగువు మరోసారి పెట్టుకుందాం. కాని అక్కడ ఎవడు చావాలో ఎవడు బతకాలో బొమ్మల కొట్టువాడు నిర్ణయించలేదు.

రేపల్లెలో దిగుతూ, "అయితే చదవడం మానెయ్యమంటారా?" అన్నాడు కుర్రవాడు. మానొద్దన్నాను. 17నీ 24నీ పక్కపక్కన పెట్టుకుని చదివి, తన మాట మీద నిలబడగలడేమో ఉత్తరం రాయమన్నాను. బాపట్ల నుంచి ఇంకా జవాబు రాలేదు.