ఒక్క లైను తెలివి

కోడ్‌లో షరతులు వరసగా రాసుకుంటూ పోయే కుర్రాణ్ని చూసి సీనియర్ నవ్వుతాడు. "ఇదంతా ఎందుకురా? మెథడ్ పేరు రిక్వెస్టులోనే వస్తోంది కదా, సెండ్‌కి ఇచ్చెయ్, ఒక్క లైనులో అయిపోతుంది" అంటాడు. హిందూపురం, పెనుకొండల్లో రైలెక్కి బెంగళూరు కొలువులకు పోయే మన పిల్లల చెవిన కూడా పడే మాటే ఇది. లైన్లు తగ్గితే పనితనం పెరిగినట్టేనని దీని వెనకున్న నమ్మకం. నేనొప్పుకోను.

ధర్మవరంలో పట్టుచీరల దుకాణానికి రూబీ ఫ్రేమ్‌వర్కు రైల్స్‌లో వెబ్‌సైట్ రాస్తున్నామనుకోండి. పేజీలో బటన్లు రెండే: ఆర్డర్ ఎక్కడుందో చూడ్డం, రద్దు చేసుకోవడం. రూబీలో సెండ్ అంటే, ఇచ్చిన పేరున్న మెథడ్‌ను పిలిచేది. బ్రౌజర్ పంపిన పేరును నేరుగా దానికి అప్పగిస్తే, ఆర్డర్ ఆబ్జెక్టుకున్న మెథడ్లన్నీ కొనేవాడి చేతికిచ్చినట్టే. ప్రైవేటువి కూడా. వాడు 'డిస్ట్రాయ్' అని పంపితే రికార్డే ఉండదు.

"పబ్లిక్ మెథడ్లనే పిలిచే పబ్లిక్ సెండ్ వాడితే సరిపోదా?" అంటారు. సరిపోదు. డిస్ట్రాయ్ పబ్లిక్ మెథడే. సెండ్ కూడా పబ్లికే! పేరుతో పాటు ఆర్గ్యుమెంటునూ బయటినుంచే తీసుకున్నారా, ఇన్‌స్టెన్స్ ఎవాల్ అనే మెథడ్‌తో ఏ కోడైనా నడిపించొచ్చు.

ఇవన్నీ కొత్తవాళ్ల తిప్పలనుకునేవాళ్లు గిట్‌హబ్ సంగతి చూడాలి. 2023 డిసెంబరు చివర్లో దాని రూబీ కోడ్‌లో ఇలాంటి లోపమే బయటపడింది. పిలవాల్సిన మెథడ్ పేరును బయటివాళ్లు ఎంచుకోగలగడంతో సర్వర్‌లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ చదివే దారి దొరికింది. 2024 జనవరిలో ఆ సంస్థ తన రహస్య కీలు మార్చుకోవాల్సి వచ్చింది. రూబీ ఒక్కదాన్నే అనడానికి లేదు. జావా ఫ్రేమ్‌వర్కు స్ట్రట్స్ 2 ఆశ్చర్యార్థకం తర్వాత మెథడ్ పేరును అడ్రసులోనే రాయనిచ్చేది. 2013లో ఆ సదుపాయాన్ని డిఫాల్టుగా ఆపేశారు. దాన్ని మళ్లీ ఆన్ చేసుకున్న సైట్లకు 2016లో ఇంకో పెద్ద లోపం చుట్టుకుంది.

దాడి సంగతి పక్కనపెట్టినా నష్టముంది. 'బిల్' అన్న మాటకు రకం అతికించి పేరు తయారుచేసే కోడ్‌లో ఆ మెథడ్ పేరు పూర్తిగా ఎక్కడా కనబడదు. వెతికితే దొరకదు. ఎవరూ పిలవడం లేదనుకుని తీసేస్తారు, ఆదివారం పొద్దున ఫోను మోగుతుంది. మెథడ్ పేరులోంచే డేటాబేస్ క్వెరీ పుట్టించే ఫైండర్లతో మురిపించిన రైల్సే, 2013లో 4వ వెర్షన్‌తో వాటిలో చాలావాటిని ఇక వాడొద్దని పక్కనపెట్టింది.

పేరు ప్రోగ్రామర్ రాసిందైతే నాకు పేచీ లేదు. ఫ్రేమ్‌వర్కులు నడిచేదే అలా. బయటినుంచి వచ్చే పేరుతోనే గొడవ. ధర్మవరం మగ్గాల మీద జకార్డు అట్టలు ముందే తొలిచి ఉంటాయి. కొనేవాళ్లు డిజైను ఎంచుకోవచ్చు గానీ అట్ట తొలవరు. కోడ్‌లోనూ ఆ పాటి ఏర్పాటు చాలు: అనుమతించిన పేర్లు, వాటికి ఎదురుగా మెథడ్లు, ఒక చిన్న పట్టిక. పట్టికలో లేని పేరొస్తే ఎర్రర్.

కొత్త బటన్ పెట్టినప్పుడల్లా ఇంకో వరస రాయాలి, అది శ్రమ అని సీనియర్ గొణుగుతాడు. రాయాలి మరి. ఆ పట్టికలో డిస్ట్రాయ్‌ని తెలిసి తెలిసి ఎవరూ రాయరు.