క్యాన్సర్ తగ్గింది సరే, ఆ తర్వాత ఎవరు చూస్తారు?



ఈ పోస్ట్ పెట్టాలా వద్దా అని మాలో మేమే తర్జనభర్జన పడ్డాం. అక్కాచెల్లెళ్లు కూడా ఉన్న గ్రూపులో వృషణాల గురించి ఏంటి అన్నారు ఒకరిద్దరు. సిగ్గుపడి ఊరుకుంటే నష్టం మన కుర్రాళ్లకే కదా!

వృషణాల క్యాన్సర్ ఎక్కువగా 15-40 ఏళ్ల మధ్య వస్తుంది. తొందరగా పట్టుకుంటే నూటికి 95 మందికి పైగా బతుకుతారు. ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషన్, కీమో చేయించుకుని ఇంటికొస్తే కథ అయిపోయిందనుకుంటాం. అక్కడే పొరపాటు.

మగవాళ్ల ఒంట్లో టెస్టోస్టెరాన్ తయారయ్యేది ముఖ్యంగా వృషణాల్లోనే. ఒకటి తీసేసినా రెండోది చాలామందికి సరిపోతుంది. కానీ సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందులు, రేడియేషన్ వల్ల కొందరిలో అది కూడా నీరసించిపోతుంది. ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడుతుంది. నిస్సత్తువ, దిగులు, కోరిక తగ్గడం, పొట్ట పెరగడం, లోపల ఎముకలు గుల్లబారడం. పోడు పనికి లేవలేని కుర్రాణ్ణి ఊళ్లో ఏమంటారు? బద్ధకస్తుడంటారు, లేదా ఎవరో ఏదో చేశారంటారు. హార్మోన్ తగ్గిందని ఎవరికి తడుతుంది?

దీనికి కావాల్సింది రక్తపరీక్ష. టెస్టోస్టెరాన్‌తో పాటు ఎల్‌హెచ్ కూడా చూస్తారు. అయితే రక్తం పొద్దున్నే ఇవ్వాలి, పగలు గడిచేకొద్దీ హార్మోన్ తగ్గుతుంది. మన గూడేల నుంచి మొదటి బస్సు పట్నం చేరేసరికి ఎంతవుతుందో మీకు తెలుసు. ముందురోజే వెళ్లి పడుకోవాలంటే రెండు రోజుల కూలి పోయినట్టే. అందుకే మానేస్తారు.

మా మాట ఒక్కటే. ఆ రక్తం మన పీహెచ్‌సీలోనే పొద్దున తీసి జిల్లా ల్యాబ్‌కి పంపాలి. ఏడాదికోసారి చేయాలని డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాసివ్వాలి. పెద్దాసుపత్రికి వెళ్లక తప్పనప్పుడు దారి ఖర్చు ఐటీడీఏ భరించాలి. క్యాన్సర్‌కే దిక్కులేదు, హార్మోన్లు ఎందుకంటారా? బతికించిన మనిషిని సగం మనిషిగా వదిలేస్తే ఆ వైద్యం పూర్తయినట్టా?

తమ్ముళ్లూ, ఒక జాగ్రత్త. జిమ్‌లో ఎవరో చెప్పారని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ పొడిపించుకోవద్దు. బయటి నుంచి తీసుకుంటే వీర్యకణాల తయారీ పడిపోతుంది. పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పాలి. కీమోకి ముందు వీర్యం దాచుకునే వీలుందా అని కూడా అడగాలి.

మీ ఊళ్లో ఇలా నయమై వచ్చినవాళ్లుంటే, వాళ్లకి ఈ పోస్ట్ చదివి వినిపించండి.

జై ఆదివాసీ!