కుక్కల్ని సాకేవాళ్ళం, కుక్కకాటు తిన్నవాళ్ళం కలిసి ఇస్తున్న వినతిపత్రం

గౌరవనీయులైన గూడూరు పురపాలక సంఘం కమిషనర్ గారికి

ప్రతులు: గూడూరు ఏరియా ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికి, పశుసంవర్ధక శాఖ అధికారి గారికి

విషయం: పట్టణంలో పెంపుడు జంతువులు, వీధికుక్కలు, రోడ్లమీది పశువుల గురించి మా కోరికలు, వాటితో పాటు మేం రాసిస్తున్న పూచీలు.

అయ్యా,

ఈ అర్జీ మీద సంతకం పెట్టినవాళ్ళలో కుక్కల్ని బిడ్డల్లా చూసుకునేవాళ్ళున్నారు. పొద్దున నాలుగింటికి లేచి బర్రెల పాలు పితికి వీధివీధికీ పోసి వచ్చేవాళ్ళున్నారు. రాత్రి డ్యూటీ దిగి నడిచి వస్తుంటే కుక్కలు వెంటబడి పిక్క కొరికించుకున్న రైల్వే ఉద్యోగి ఉన్నాడు. బిడ్డకు చెంప మీద కాటుపడి నాలుగు సార్లు సూదికి తిప్పిన తల్లి ఉంది. మేం విడివిడిగా అర్జీలు రాస్తే ఏమవుతుందో మాకు తెలుసు. ఒకరు కుక్కల్ని పట్టుకుపొమ్మంటారు, ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకోం అంటారు. రెండు కాగితాలూ ఒకే ఫైల్లో ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. అందుకని ఒకచోట కూర్చున్నాం. మూడు సాయంత్రాలు గట్టిగానే కొట్లాడుకున్నాం. ఆ కొట్లాటలో తేలిన మాటలే ఇవి.

ముందు సంతోషం సంగతి నాలుగు ముక్కలు రాయనివ్వండి. అర్జీల్లో దానికి చోటుండదు గానీ, అది చెప్పకుండా మిగతాది అర్థం కాదు. మాది జంక్షన్ ఊరు. రేణిగుంట వైపు లైను ఇక్కడే చీలుతుంది కాబట్టి ఏ వేళప్పుడైనా ఏదో ఒక బండి దిగి ఇంటిదారి పట్టినవాళ్ళు కనిపిస్తారు. అట్లా వచ్చే మనిషి చెప్పుల చప్పుడు వీధి మలుపులోనే పసిగట్టి, గేటు కాడికొచ్చి నిలబడే ప్రాణి ఒకటుంటే ఆ రాత్రి అలసట అక్కడే సగం దిగుతుంది. పిల్లలు చెన్నైకో బెంగళూరుకో అమెరికాకో పోయిన ఇళ్ళు మా వీధుల్లో ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలో వీడియో కాల్ మోగితే మనవడు తాతను అడగడు, "బ్రౌనీ ఏదీ?" అంటాడు. తాతకు కోపం రాదు, బ్రౌనీని ఎత్తి చూపిస్తాడు. మాలో ఒకామె మోకాళ్ళ నొప్పికి డాక్టరు రోజూ నడవమంటే రెండేళ్ళు నడవలేదు. ఇప్పుడు కుక్క ఆమెను నడిపిస్తోంది. చేపల పులుసు వండిననాడు గుమ్మంలో ధర్నాకు కూర్చునే పిల్లుల గురించి నెల్లూరు సీమలో వేరే చెప్పక్కర్లేదు.

జీవాల మీద ప్రేమ మనకు కొత్తగా వచ్చింది కాదు. నెల్లూరు పేరు మోసే పశుజాతి బ్రెజిల్ పచ్చికల నిండా మేస్తోంది. మన ఒంగోలు గిత్తల వంశమే అది, అక్కడ 'నెలోరె' అయింది. పొడుగుకాళ్ళ నెల్లూరు గొర్రె దేశమంతా ఎరిగిన జాతి. దక్షిణంగా, దొరవారిసత్రం పక్కన, నేలపట్టు చెరువుకు గూడబాతులు వచ్చి పిల్లల్ని చేస్తే ఆ ఊరివాళ్ళు చుట్టాలొచ్చినట్టు చూసుకుంటారు. రెట్టలు పడిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువని వాళ్ళకు తెలుసు. ఊరివాళ్ళకూ పక్షులకూ మధ్య కొట్లాట లేకపోవడానికి ప్రేమతో పాటు ఆ లెక్క కూడా కారణమని మా అనుమానం. పట్టణంలో మాకు ఆ లెక్క తప్పింది.

ఎక్కడ తప్పిందో మూడో సాయంత్రం బయటపడింది. వీధికుక్కలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని ఎవరో అడిగారు. కాసేపు ఎవరూ నోరు మెదపలేదు. తర్వాత, ఇంట్లో రెండు కుక్కల్ని ముద్దుగా పెంచుకుంటున్న పెద్దాయన లేచి చెప్పాడు: "మా ఆడకుక్క ఈనిన ఆరు పిల్లల్లో మగవాటిని అడిగినవాళ్ళకిచ్చాను. ఆడపిల్లల్ని ఎవరూ తీసుకోలేదు. గోతం సంచిలో వేసుకొని పంబలేరు అవతల వదిలేసి వచ్చాను." ఆయన కూర్చున్నాక ఇంకో ఇద్దరు లేచారు. ఒకరు నిమ్మకాయల మార్కెట్ పేరు చెప్పారు, మరొకరు ఊరిబయట దాబా పేరు చెప్పారు. కాటుపడిన బిడ్డ తల్లి అక్కడే ఉంది. ఆమె ఏమీ అనలేదు. ఆ మౌనం తర్వాతే ఈ అర్జీకి ఇప్పుడున్న రూపం వచ్చింది. అంతకుముందు దీన్లో మా పూచీలు లేవు, కోరికలే ఉన్నాయి.

పెంచుకున్న జంతువును ఆకలికి వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. మొదటిసారికి జరిమానా 10 రూపాయలు మొదలుకొని 50 రూపాయల దాకా. ఆ కాలానికి అది జరిమానాయే. ఈరోజు టీకీ రెండు బజ్జీలకూ సరిపోతుంది. కాబట్టి చట్టం భయంతో మేం మారతామని మీరు అనుకోవద్దు, మేమూ అనుకోవడం లేదు.

ఇక కాటు సంగతి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. అదే కరిచిన వెంటనే సరిగా చూసుకుంటే ప్రాణానికి ఢోకా లేదు. ఇంత స్పష్టంగా అటో ఇటో తేలే జబ్బులు తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఏటా 59 వేల మంది దీనికి బలవుతుంటే అందులో మూడోవంతుకు పైగా మన దేశంలోనే. కాటు తినేవాళ్ళలో 15 ఏళ్ళలోపు పిల్లలు 40 శాతం. అయినా మన వీధుల్లో ఇప్పటికీ గాయానికి కారం అద్దేవాళ్ళు, ఆకుపసరు కట్టేవాళ్ళు, తాయెత్తుకు పోయేవాళ్ళు ఉన్నారు. ఎందుకని అడిగితే "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు ఎవరు పొడిపించుకుంటారు" అంటారు. ఆ పద్నాలుగు సూదుల మందు 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలీలో తయారుచేసినది. మన దేశంలో దాని తయారీ 2004 చివరికి ఆగిపోయింది. ఇప్పుడు రెండు చేతుల చర్మంలో సన్నటి సూదులు, మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవైఎనిమిదో రోజు, అంతే. మందు పోయి ఇరవై ఏళ్ళయినా భయం పోలేదు.

అందుచేత మా తొలి కోరికకు పెద్ద ఖర్చేమీ లేదు. చెత్తబండి పొద్దున్నే పాట వేసుకుంటూ ప్రతి వీధికీ వస్తుంది. వారానికి ఒకరోజు ఆ మైకులోనే ఈ ముక్క వినిపించండి: కుక్కగానీ పిల్లిగానీ కరిచినా, రక్కినా, కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగండి, కారం పూయకండి, కట్టు కట్టకండి, అదే రోజు ఆసుపత్రికి పోండి, సూదికి పోవాల్సింది నాలుగు సార్లే. ఆసుపత్రిలో టీకా, లోతు గాయాలకు గాయంలోనే ఎక్కించాల్సిన ఇమ్యునోగ్లోబులిన్, ఆదివారమైనా పండుగైనా దొరికేలా చూడమని సూపరింటెండెంట్ గారిని వేడుకుంటున్నాం. నిల్వ ఎంత ఉందో ఓపీ దగ్గర పలక మీద సుద్దముక్కతో రాసినా చాలు. నెల్లూరుకు పరిగెత్తాలా వద్దా అన్నది ఆ పలక చూసి తేల్చుకుంటాం.

రెండోది ఆపరేషన్లు, టీకాలు. 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కల్ని పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుకు చెవి కొద్దిగా కత్తిరించి, పట్టినచోటే వదలాలి. పట్టినచోటే ఎందుకని మాలోనూ చాలామంది అడిగారు. ఒక వీధి కుక్కల్ని తీసుకుపోతే ఆ వీధిలో చెత్తకుప్ప అలాగే ఉంటుంది, దాని మీదికి పక్కవీధి కుక్కలు వస్తాయి. వాటికి టీకా ఉండదు, మన మనుషులు వాటికి కొత్త, మొదటి నెలంతా కాట్లే. వందలో డెబ్బై కుక్కలకు టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరంతా అక్కడ నాలుగు ఇక్కడ నాలుగు పడితే ఏ వీధీ ఆ డెబ్బైకి చేరదు. ఒక వార్డు పూర్తి చేసి ఇంకో వార్డుకు పోవాలి. పట్టడానికి వచ్చే మనుషులకు కుక్కల్ని మచ్చిక చేసి అప్పగించే పని మాలో రోజూ అన్నం పెట్టేవాళ్ళు చేస్తారు. వాళ్ళ చేతికి వచ్చినంత సులువుగా వలకు రావు.

సుప్రీంకోర్టు ఉత్తర్వుల గురించి ఊళ్ళో రకరకాలుగా చెప్పుకుంటున్నారు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతంలో కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్నారు. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మార్చి, రేబిస్ ఉన్నవి, మీదపడి కరిచే స్వభావం ఉన్నవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక పట్టినచోటే వదలమంది. అన్నం పెట్టడానికి వార్డువార్డుకూ చోటు చూపమంది. నవంబరు 7న బళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో కుక్కలు ఉండకూడదని, పట్టినవాటిని తిరిగి అక్కడ వదలకూడదని చెప్పింది. ఈ చివరిది మా ఊరికి నేరుగా తగిలే మాట. ప్లాట్‌ఫారాల మీద పుట్టి పెరిగిన కుక్కలు స్టేషన్ నుంచి ఎక్కడికి పోతాయి? షెల్టరంటే నాలుగు గోడలు, ఒక తాళం కాకూడదు. నీడ, నీళ్ళు, మందులు, చూసుకునే మనిషి ఉండాలి. అది కట్టకముందే పట్టే పని మొదలుపెడితే అవి చిల్లకూరు రోడ్డులో తేలతాయి, ఆ పల్లెలవాళ్ళు మళ్ళీ ఇలాంటి అర్జీయే పట్టుకొస్తారు. షెల్టర్‌కు స్థలం చూపండి. రోజూ అన్నం వండి పంపే వంతులు మేం వేసుకుంటాం.

అన్నం పెట్టే చోటు మీద మాలో పెద్ద గొడవే జరిగింది. బడి గేటు ముందు, అపార్ట్‌మెంట్ మెట్ల కింద, పిల్లలు ఆడే చోట పెట్టకూడదని పెట్టేవాళ్ళు ఒప్పుకున్నారు. గుర్తించిన చోట పెడుతుంటే ఆడమనిషిని నిలబెట్టి తిట్టకూడదని మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. మీరు ఆ చోట్లను రాతపూర్వకంగా ప్రకటించండి. చికెన్, మటన్ అంగళ్ళ వ్యర్థాలు రాత్రిపూట మురుగుకాలవల్లోకి పోకుండా ఆపితే మా అన్నానికి ఎగబడే కుక్కలు కూడా తగ్గుతాయి. కాలవలో పడిన పేగుల వాసనకు గుంపు కడితేనే అవి మనుషుల మీదికొస్తున్నాయని రాత్రిళ్ళు తిరిగేవాళ్ళందరి అనుభవం.

గొడ్ల సంగతి చెప్పాలి. కనుమ వస్తే కొమ్ములు కడిగి రంగులేస్తాం, పసుపు కుంకుమలు పెడతాం, పొంగలి తినిపిస్తాం. మర్నాడు పాలు పితుక్కొని వాటినే రోడ్డు మీదికి తోలతాం. అవి ప్లాస్టిక్ సంచుల్లోని అరిటాకు కోసం సంచితో సహా మింగుతాయి. రాత్రి జాతీయ రహదారి మీద వెచ్చగా ఉంటుందని పడుకుంటాయి. లారీ వాడికి కనబడదు. పాతకాలంలో ఊరికొక బందెలదొడ్డి ఉండేది, దాని గురించిన 1871 నాటి చట్టం ఇంకా ఉంది. నీళ్ళు, మేత ఉండే బందెలదొడ్డిని మళ్ళీ తెరవండి, విడిపించుకోవడానికి వచ్చే యజమాని దగ్గర రుసుము వసూలు చేయండి. మాలోని పాలవాళ్ళు దీనికి సంతకం పెట్టారు, నవ్వుతూ కాదు. ఈలోగా మెడపట్టీలకు రేడియం స్టిక్కర్లు వేసే పని మేమే మొదలుపెడతాం.

ఇంకొకటి, సముద్రం దగ్గరున్న ఊరు కాబట్టి అడుగుతున్నాం. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్టే కొట్టుకుపోయింది. అంతటి నీటికి తలుగుతో కట్టేసిన గొడ్డు ఏం చేస్తుంది? తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మీ మైకు మనుషుల్ని బడికి రమ్మంటుంది. అదే గొంతుతో "గొడ్లకు తలుగులు విప్పండి, మెరక మీదికి తోలండి" అని కూడా చెప్పించండి. ఏ మెరకో ముందే నిర్ణయించండి. గొడ్డును వదిలి రానని కొట్టంలోనే ఉండిపోయే ముసలివాళ్ళు ప్రతి తుపానుకూ ఉంటారు. గొడ్డుకు చోటు చూపితే మనిషి కదులుతాడు. జబ్బుపడిన పశువు కోసం 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార వైద్య వాహనం వస్తుందని పశుసంవర్ధక శాఖ వారు వార్డు సచివాలయాల గోడల మీద రాయిస్తే మేలు.

చచ్చిపోయిన జంతువులను పూడ్చడానికి ఊరి బయట పది సెంట్ల చోటు కూడా కావాలి. పదేళ్ళు పెంచిన కుక్కను చెత్తబండిలో వేయలేక రాత్రిపూట దొంగల్లా పలుగు పట్టుకొని తిరిగినవాళ్ళు మాలో ఉన్నారు.

ఇక మా పూచీలు. సంతకం పెట్టిన ప్రతి ఇంటి కుక్కకూ పిల్లికీ ఏటా రేబిస్ టీకా వేయిస్తాం, చీటీ చూపిస్తాం. పిల్లలు అక్కర్లేని వాటికి ఆపరేషన్ చేయిస్తాం. ఎనిమిది వారాలు నిండని పిల్లను కొనం, అమ్మం. గొలుసు లేకుండా వీధిలోకి తీసుకురాం, ఎదురింటి ముగ్గు మీద అది చేసిన పని మేమే ఎత్తుతాం. ఈ చివరి మాటకు ఒప్పుకోవడానికే చాలాసేపు పట్టింది. రోజంతా కట్టేసి ఉంచం, ఎందుకంటే కట్టేసిన కుక్కకే కోపం ఎక్కువ. రామచిలుకల్ని పంజరంలో పెట్టం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరమని మాలో సగం మందికి ఈ సమావేశాల్లోనే తెలిసింది. ఒక పంజరం ఇప్పటికే ఖాళీ అయి బాల్కనీలో వేలాడుతోంది. చిలకను అటవీ శాఖ వారికి అప్పగించాం. ఇల్లు మారినా, ఊరు మారినా, జంతువును వీధిలో వదలం. పెంచలేని పరిస్థితి వస్తే మా జాబితాలో ఇంకో ఇల్లు వెతుకుతాం. ఆ జాబితా రాసే పుస్తకం పంబలేరు సంగతి చెప్పిన పెద్దాయన దగ్గరే ఉంచాం. ఆయనే అడిగి తీసుకున్నాడు.

తమరు ఒక రోజు, ఒక గంట కేటాయిస్తే ఆసుపత్రివారు, పశువైద్యులు, మేము ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాం. సాయంత్రం ఆరు తర్వాతైతే పాలవాళ్ళు కూడా రాగలరు.

ఇట్లు,
గూడూరు పట్టణంలో జీవాలను సాకుతున్న కుటుంబాలు, వాటి కాటు తిన్న కుటుంబాలు

జతపరిచినవి: సంతకాల కాగితాలు, ఏ వీధిలో ఏ కుక్క ఉందో, దేని చెవికి కత్తిరింపు లేదో మా పిల్లలు బొమ్మలేసి రాసిన నోటుపుస్తకం. పని అయ్యాక ఆ పుస్తకం తిరిగి ఇప్పించగలరు, పిల్లలు అడుగుతున్నారు.